హాన్స్ స్పేమన్

ఒకే అండం నుండి పుట్టిన కణాలలో ఒకటి చర్మంగాను, ఒకటి మెదడుగాను ఎట్లు రూపొందుతున్నది? ఈ ప్రశ్నకు తన జీవితాన్ని ధారపోసిన శాస్త్రజ్ఞుడు హాన్స్ స్పేమన్.

ఆయన 1869లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఒక పుస్తక ప్రచురణకర్త ఇంట జన్మించారు. కొంతకాలం తండ్రి వ్యాపారం చూసి, వైద్యవిద్యలో చేరి, చివరకు జంతుశాస్త్రం వైపు మరలినారు. 1896-97 శీతకాలంలో క్షయవ్యాధితో విశ్రాంతిలో ఉండగా వైస్‌మన్ గ్రంథాన్ని పఠించారు. అండం విభజన చెందినకొలదీ వంశలక్షణాలు కణాల మధ్య పంపకమైపోతాయని వైస్‌మన్ సిద్ధాంతం. దానిని పరీక్షించుటకు స్పేమన్ చేపట్టిన పరికరం ఒక పసిబిడ్డ తలవెంట్రుక! కప్పవలె ఉభయచరమై, తోక గల న్యూట్ అనే ప్రాణి అండాన్ని ఆ వెంట్రుకతో నడుమ బిగించి, కేంద్రకాన్ని ఒక వైపుననే నిలిపారు. ఆ వైపు పదహారు కణాలైన పిదప ఒక కేంద్రకం రెండవ వైపునకు జారగా, అక్కడ కూడ సంపూర్ణ పిండమే ఏర్పడినది. అనగా పంపకం జరుగలేదు. మరి కణానికి దాని విధిని తెలిపేదెవరు?

ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆయన శిష్యురాలు హిల్డె మాంగోల్డ్ చేతులు దీనికి సమాధానం చూపినవి. లేతరంగు న్యూట్ పిండం నుండి ఆదిరంధ్రపు పై పెదవిని కోసి, ముదురురంగు న్యూట్ పిండపు ఉదరభాగాన అతికించినారామె. అక్కడ రెండవ పిండం మొలిచినది! రంగులను బట్టి చూడగా, అందలి నాడీనాళం అధికభాగం ఆతిథ్యమిచ్చిన పిండపు కణాలతోనే నిర్మితమైనది. చర్మం కావలసిన కణాలు పొరుగు కణాల సంకేతం విని దారి మార్చుకొన్నవి. తరగతి గదిలో ఒక్క బొమ్మతో ముగిసిపోయే ఈ ప్రయోగంలో అనేక పిండాలు నశించగా కొన్ని మాత్రమే నిలిచినవి.

ఈ పరిశోధన 1924లో వెలువడినది. స్పేమన్ తన పేరునే ముందుంచారు. అదే సంవత్సరం వంటింటి పొయ్యి ప్రమాదంలో కాలి, ఇరువది ఐదేండ్ల హిల్డె పసికందును విడిచి మరణించారు. 1935లో నోబెల్ బహుమతి స్పేమన్ ఒక్కరికే లభించినది. గురువు కీర్తిలో ఆమె వాటా తక్కువది కాదని నా అభిప్రాయం.

స్పేమన్ 1941లో కన్నుమూసినారు. ఆ సంకేతమేమిటో తెలియుటకు అర్ధశతాబ్దం పట్టినది. 1992లో నాగిన్, 1994లో కార్డిన్ అనే ప్రోటీన్ల జన్యువులు బయటపడినవి. ఇవి కణాన్ని మెదడు కమ్మని ఆజ్ఞాపించవు. చర్మం కమ్మని చెప్పే బి.ఎం.పి. అనే మరొక ప్రోటీన్‌ను పట్టి ఆపుతాయి. ఆ ఆజ్ఞ అందని కణంలో నాడీ జన్యువులు వాటంతటవే మేల్కొంటాయి.