ప్లేగు నెదిరించిన వైద్యుడు

1910వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన చైనాదేశపు ఈశాన్యభాగముననున్న హార్బిన్ పట్టణమున ముప్పదియొక్క యేండ్ల వైద్యుడొకడు రైలు దిగెను. ఆయనయొద్ద ఒక చిన్న సూక్ష్మదర్శిని యుండెను. వెంట ఒక శిష్యుడు వచ్చెను. నేల రాయివలె గడ్డకట్టిన చలికాలమది. పట్టణమున ప్రతిదినము జనులు జ్వరముతో దగ్గుచు, రక్తము కక్కుచు మరణించుచుండిరి. రోగము సోకినవారు బ్రతికి బయటపడుట లేదు. ఆ రోగమేదో కనుగొని యాపుటకై చక్రవర్తి ప్రభుత్వము పంపిన ఆ వైద్యుడే వు లియెన్ తె.

ఆయన చైనాలో పుట్టినవాడు కాడు. 1879వ సంవత్సరము మార్చి 10వ తేదీన మలయాలోని పెనాంగు ద్వీపమున జన్మించెను. తండ్రి చైనానుండి వలసవచ్చిన స్వర్ణకారుడు. బాలుడు చదువునందు మిక్కిలి చురుకైనవాడగుటచే విద్యార్థివేతనము సంపాదించి, 1896లో ఇంగ్లాండు వెళ్లి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించెను. పిమ్మట ఐరోపాలోని పరిశోధనాలయములలో సూక్ష్మజీవులను గూర్చి నేర్చెను. 1908లో టియెన్‌త్సిన్ నగరమునందలి సైనిక వైద్యకళాశాలలో ఉపాధ్యక్ష పదవి ఆయనకు లభించెను. విచిత్రమేమన, తన పూర్వుల దేశమునకు వచ్చునప్పటికి ఆయనకు అచ్చటి రాజభాష చక్కగా రాదు. దానిని కూడ నేర్చుకొనవలసివచ్చెను.

హార్బిన్ చేరిన మూడవనాడు, ఒక చిన్న సత్రమును నడుపుచుండిన జపాను స్త్రీ ఆ రోగముతో మరణించినట్లు ఆయనకు తెలిసెను. శవమును కోసి పరీక్షించుట ఆ దేశపు ఆచారమునకు విరుద్ధము. అయినను అది తప్ప సత్యము తెలియు మార్గము లేదు. ఆయన రహస్యముగా శవపరీక్ష చేసి, శవమునుండి తీసిన రక్తమును సూక్ష్మదర్శినితో చూచెను. దానిలో ప్లేగు క్రిములు గుంపులుగా కనబడెను.

ప్లేగు అనగా ఎలుకల రోగమని ఆనాటి వైద్యుల నమ్మకము. 1896లో బొంబాయిలో పొడసూపి మన దేశమున లక్షలకొలది జనులను బలిగొన్న ప్లేగు ఎలుకల మీది పురుగులు కుట్టుటచే వ్యాపించినదే. హార్బిన్‌లో ఎలుకలను పట్టి కోసి చూచినవారికి వానిలో క్రిమి కనబడలేదు. ఇచ్చటి ప్లేగు ఊపిరితిత్తులకు పట్టినదనియు, రోగి దగ్గినప్పుడు వెలువడు తుంపరలతో మనుష్యునినుండి మనుష్యునకు సోకుచున్నదనియు వు నిశ్చయించెను. దీనికి మూలము టార్బగాన్ అను ఉడుతజాతి జంతువని తరువాత తేలినది. దాని తోలునకు ధర పెరుగుటచే, అనుభవములేని కూలీలు పెక్కుమంది వేటకు దిగిరి. ఆరోగ్యమైన జంతువేదో, జబ్బుజంతువేదో వారికి తెలియదు. గాలి చొరని ఇరుకు సత్రములలో వారందరు ఒకరిప్రక్క నొకరు పరుండెడివారు. వ్యాధికి ఇంతకంటె అనుకూలమేమి కావలయును?

రోగియొద్దకు పోవువారెల్లరు ముక్కును, నోటిని కప్పుకొనవలెనని వు ఆజ్ఞాపించెను. రెండుపొరల పలుచని నూలుగుడ్డ, నడుమ దూది, తలవెనుక ముడివేయుటకు పట్టీలు; ఇంతియే ఆ ముసుగు. శస్త్రవైద్యులు అంతకుముందే ఇట్టివి ధరించుట కలదు. కాని వైద్యులు, పోలీసులు, శవవాహకులు, సామాన్యజనులు కూడ ధరింపదగునంత చౌకగా దీనిని చేయించుట ఆయన విశేషము. 2020లో కోవిడ్ వ్యాధి లోకమును చుట్టినప్పుడు జనులు కట్టుకొనిన ముసుగులకు ఇది పూర్వరూపమనవచ్చును.

ఈ మాట అందరు నమ్మలేదు. మెస్నీ అను ఫ్రెంచి వైద్యుడు టియెన్‌త్సిన్‌లో ఆచార్యుడు, ప్లేగు నంతకుముందు చూచిన అనుభవశాలి, వయస్సున పెద్ద. ఆయన హార్బిన్‌కు వచ్చి, ఎలుకలను చంపుటయే మార్గమని వాదించి, వు అభిప్రాయమును తేలికగా త్రోసివేసెను. పిన్నవాడు ఎదురుమాటలాడక, తన్ను పనినుండి తప్పింపుమని ప్రభుత్వమునకు తంతి పంపెను. ప్రభుత్వము వు పక్షమే వహించెను. కొన్నినాళ్లకు మెస్నీ రష్యనుల ఆసుపత్రికి పోయి, ముసుగు లేకయే రోగులను పరీక్షించెను. 1911 జనవరి 11వ తేదీన ఆయన ప్లేగుతో మరణించెను. మెస్నీ భయస్థుడు కాడు, అజ్ఞానియు కాడు. పాత అనుభవమును నమ్ముకొని క్రొత్త సాక్ష్యమును చూడలేదు. ఆ వార్త పట్టణమున ప్రాకగానే ముసుగు ధరింపనివారు అరుదైరి.

వు పట్టణపు పేటను నాలుగు భాగములుగా విభజించి, ఒక భాగమువారు వేరొక భాగమునకు పోకుండ కావలి పెట్టించెను. రోగులతో మెలగినవారిని వేరుగానుంచుటకు రష్యనుల రైలుపెట్టెలను ఎరువు తెచ్చెను. అయినను మరణములు తగ్గలేదు. ఒకనాడు శ్మశానమునకు పోయి చూడగా, గడ్డకట్టిన నేలను త్రవ్వలేక రెండువేలకు పైగా శవములను పైననే విడిచియుండిరి. ఎలుకలు వానిని తినినచో వ్యాధి మరల ఊరిలో ప్రవేశించును. దహనమొక్కటే ఉపాయము. కాని పితృదేవతలను పూజించు చైనీయులకు శవమును కాల్చుట మహాపాపము. చక్రవర్తి అనుమతి లేక ఈ పని సాధ్యము కాదని యెంచి ఆయన విన్నపము పంపెను. అనుమతి వచ్చెను. 1911 జనవరి 31వ తేదీన, చైనీయుల సంవత్సరాది మరునాడు, కిరసనాయిలు చల్లి చితులు ముట్టించిరి. జనులు దూరమున నిలిచి చూచిరి, ఎవరును అడ్డగింపలేదు.

తరువాత మరణముల సంఖ్య దినదినము తగ్గి, మార్చి 1వ తేదీతో ఆ పేటలో రోగమంతరించెను. మంచూరియా ప్రాంతమంతట ఆ శీతకాలమున సుమారు 60,000 మంది మరణించిరి. ఏప్రిల్‌లో ముక్డెన్ నగరమున పదునొకండు దేశముల శాస్త్రజ్ఞులు సమావేశమై వునే అధ్యక్షునిగా నెన్నుకొనిరి.

1912లో స్థాపింపబడిన ప్లేగు నివారణశాఖకు ఆయన అధిపతియై, 1920-21లో వ్యాధి మరల తలయెత్తినప్పుడు దానిని కూడ ఎదుర్కొనెను. 1931లో జపాను సైన్యము మంచూరియాను ఆక్రమించుటతో ఆ పని తెగిపోయెను. 1937లో ఆయన మలయాకు తిరిగివచ్చి, ఈపో పట్టణమున ఒక చిన్న వైద్యశాల తెరచి, వార్ధక్యమున కూడ సామాన్య రోగులకు చికిత్స చేయుచుండెను. 1959లో తన జీవితకథను గ్రంథముగా ప్రకటించెను. మరుసటి సంవత్సరము జనవరి 21వ తేదీన, తాను పుట్టిన పెనాంగులోనే, ఎనుబది యేండ్ల వయస్సున కన్నుమూసెను.