గుడారములో పుట్టిన సువార్తికుడు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, లూకా 15:1-7



దేవుని మాటలను ఇంటిలోనేగాక త్రోవలో కూడ పిల్లలకు నేర్పవలెనని మోషే ఇశ్రాయేలీయులకు బోధించెను. ఇంటిలో నేర్పుట మనకు తెలిసినదే. అయితే ఇల్లే లేనివారి సంగతి యేమి? పుట్టినది మొదలు త్రోవలోనే పెరుగు పిల్లలకు ఎవరు నేర్పుదురు? ఈ నెల జిప్సీ స్మిత్ అను దైవజనుని జీవితమును తలంచుకొందము.

ఆయన పేరు రాడ్నీ స్మిత్. 1860వ సంవత్సరము మార్చి 31వ తేదీన ఇంగ్లాండు దేశమందు, ఎప్పింగ్ అడవి దాపున, ఒక గుడారములో జన్మించెను. తండ్రి కొర్నేలియు, తల్లి మేరీ. వారు జిప్సీలు. గుర్రము లాగు బండియే వారి ఇల్లు. ఊరినుండి ఊరికి పోవుచు, బాట ప్రక్కను దిగి, బుట్టలు, రేకు సామానులు, దండెముమీది బట్టలకు పెట్టు చెక్క క్లిప్పులు చేసి ఇంటింట అమ్ముకొనెడివారు. పిల్లలకు బడి లేదు, గుడి లేదు. తండ్రికి అక్షరము రాదు. ఊరివారు వారిని దొంగలుగా చూచిరి.

రాడ్నీ చిన్నవాడై యున్నప్పుడు పెద్దక్కకు జబ్బు చేసెను. బాల్డాక్ అను పట్టణములో వైద్యునికి చూపగా అది మశూచి యని తేలెను. వెంటనే ఊరు విడిచిపొమ్మని ఆజ్ఞ అయ్యెను. ఊరి వెలుపలి ఒక సందుబాటలో తల్లికిని మిగిలిన పిల్లలకును గుడారము వేసి, తండ్రి రోగియైన కుమార్తెతో బండిని దూరముగా నిలిపెను. కొద్ది దినములకు పెద్ద కుమారునికి కూడ ఆ జాడ్యము తగిలెను. తండ్రి ఒక్కడే యిద్దరికి పరిచర్య చేసెను.

తల్లి గుడారమునొద్ద వంట చేసి, ఆహారమును సగము దూరమువరకు తెచ్చి బాటమీద పెట్టిపోవును. తండ్రి వచ్చి తీసికొనిపోవును. ఇట్లు దినదినము జరిగెను. అయితే తల్లి ప్రాణము ఊరకుండునా? బిడ్డలను చూడవలెనని రోజుకు కొన్ని అడుగులు ముందుకు వేయుచు వచ్చెను. తుదకు మిక్కిలి దగ్గరకు పోగా ఆ రోగము ఆమెకును తగిలెను. ఆమె అప్పుడు నిండు గర్భవతి.

కొర్నేలియు ఒకప్పుడు చెరసాలలో నున్న కాలమున, అక్కడి పాదిరి మంచి కాపరినిగూర్చి చెప్పగా విని, ఆ సంగతిని భార్యకు చెప్పియుండెను. విత్తనము ఆ యిద్దరి హృదయములలో పడియున్నది. అయినను ఎట్లు ప్రార్థించవలెనో వారికి నేర్పినవారు లేరు. మరణపడకమీద ఆమె పరలోకపు తండ్రినిగూర్చిన యొక పాటను పాడెను. భర్త ఆశ్చర్యపడి అది ఎక్కడ నేర్చితివని అడిగెను. చిన్ననాట తమ బండి ఒక ఊరిలో దిగినపుడు సండేస్కూలు పిల్లలు పాడగా విన్న పాట యది! ఆమె దేవునిమీద భారము వేసి, పిల్లలను చూచుకొమ్మని భర్తకు అప్పగించి కన్ను మూసెను. రాత్రివేళ లాంతరు వెలుతురున ఆమెను సమాధి చేసిరి. పసిబిడ్డ కూడ కొలది దినములకే తల్లిని వెంబడించెను.

ఆ పాట పాడిన పిల్లలు, బాట ప్రక్కను నిలిచిన ఆ జిప్సీ పిల్లను గమనించిరో లేదో. ఆమె చనిపోవు గడియకు తమ పాట ఊతకర్ర యగునని వారెన్నడు ఎరుగరు.

కొర్నేలియు తల్లిలేని పిల్లలతో మరల త్రోవ పట్టెను. మంచివాడుగా బ్రదుకుదునని పలుమారు తీర్మానించుకొనెను గాని త్రాగుడు వదలలేదు. కొన్ని సంవత్సరములకు లండనులో ఒక మిషను కూటమునకు పోయి, అక్కడ మోకాళ్లూని రక్షణ పొందెను. అతని సహోదరులిద్దరు కూడ ప్రభువును నమ్ముకొనిరి. కొర్నేలియు బండికి వచ్చి పిల్లలతో కలిసి ప్రార్థన చేసెను. త్రాగుడు కొట్లకు తన్ను ఈడ్చుకొనిపోయిన ఫిడేలును అమ్మివేసెను. మోషే చెప్పిన మాట ఆ బండిలో నెరవేరెను. త్రోవయే వారికి బడి, తండ్రి మారిన బ్రదుకే వారికి మొదటి పాఠము.

1876వ సంవత్సరము నవంబరు 17వ తేదీన కేంబ్రిడ్జిలోని ఒక చిన్న మెథడిస్టు మందిరములో, పదునారేండ్ల రాడ్నీ తన్ను ప్రభువునకు అప్పగించుకొనెను. అప్పటికి చదువురాదు. ఒక బైబిలు, ఒక నిఘంటువు, ఒక బైబిలు నిఘంటువు సంపాదించి కూడబలుకుకొని నేర్చుకొనెను. మనుష్యుల యెదుట నిలువ ధైర్యము చాలక, టర్నిప్ దుంపల చేనిలో నిలిచి ఆ మొక్కలకే ప్రసంగము చేసెను! తరువాత కూటములలో వాక్యము చదువునపుడు కష్టమైన మాట ఎదురైనచో, దానికి ముందే ఆగి, చదివినంతవరకు వివరించి, ఆ మాటను దాటి అవతల ఎత్తుకొనెడివాడు.

1877లో విలియం బూత్ ఆయనను తన మిషను పనికి పిలిచెను. ఆ మిషనే మరుసటి యేట రక్షణ సైన్యమని పేరు పొందెను. 1882లో హాన్లీ పట్టణపు ప్రజలు ప్రేమతో ఇచ్చిన బంగారు గడియారమును పుచ్చుకొన్నందున, అది నియమమునకు విరోధమని ఆయనను సైన్యమునుండి తొలగించిరి. అయినను పని ఆగలేదు. 1889 మొదలు పలుమారు అమెరికా వెళ్లెను. 1904లో దక్షిణాఫ్రికాలో సువార్త చెప్పెను. మొదటి మహాయుద్ధములో ఫ్రాన్సునందలి సైనికులకు పరిచర్య చేసెను. 1947వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన, ఎనుబది యేడేండ్ల ప్రాయమున, అమెరికాకు పోవుచున్న క్వీన్ మేరీ ఓడలో నిద్రించెను. త్రోవలో పుట్టినవాడు త్రోవలోనే ప్రభువునొద్దకు చేరెను.

ప్రియులారా, ఈ సంగతి మనకు దూరమైనది కాదు. 1871లో పుట్టిన చట్టమొకటి మన దేశమందు కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచెను. మన ఎరుకలవారు కూడ ఆ నిందను మోసిరి. బాపట్ల దాపున స్టువార్టుపురములో వారికొరకు పెట్టిన సెటిల్మెంటును నడిపినది ఆ రక్షణ సైన్యమే. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. అయితే మన మనస్సులోనుండి రద్దయ్యెనా? ఊరి బయట గుడారములు దిగినవని వినగానే మనము మొదట లెక్కపెట్టుకొనునది మన కోళ్లను. ఆ గుడారములలో పిల్లలెందరో లెక్కపెట్టినవారము కాము. ఇటుక బట్టీలకు పిల్లలతో వలసపోవువారును, బాతులు మేపుకొనుచు తిరుగువారును మన మందిరపు గుమ్మము ముందుగనే పోవుచున్నారు. మంచి కాపరి తొంబది తొమ్మిదింటిని విడిచి వెదకబోయెను. మనము తొంబది తొమ్మిదిమందితో తలుపు వేసికొని కూర్చున్నాము.

ఈ నెల ప్రతి సంఘము ఒక పని చేయుదము. సండేస్కూలు తలుపులు తెరచి, పిల్లలను బయట చెట్టు క్రింద కూర్చుండబెట్టి, బాటను పోవువారికి వినబడునట్లు పాడించుదము. దారిని పోవు పిల్ల నిలిచినయెడల చాప జరిపి చోటిత్తము. ఆ పాట ఏ తల్లికి ఏ గడియలో ఆదరణ యగునో దేవునికే తెలియును.

ప్రార్థన: మంచి కాపరీ, తల వాల్చుటకు స్థలము లేక తిరిగిన మా ప్రభువా, ఇల్లులేని పిల్లలను మా కన్నులకు కనుపరచుము. మా భయమును తీసివేసి నీ ప్రేమను మాకిమ్ము. ఆమేన్.