శ్రీ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

అమీరుపేటలోను పంజాగుట్టలోను మా మిత్రుల యిండ్లయందు తఱచుగా నొక మాట వినబడుచుండును. ఇచ్చటి వసతిగృహములలో నుండి విద్య నేర్చి అమెరికా కేగిన పిల్లలు తల్లిదండ్రులను మఱచుటకు బైబిలు నేర్పిన వ్యక్తివాదమే కారణమట! వ్యక్తివాదమను పేరు 19వ శతాబ్దమున ఫ్రాన్సుదేశమున పుట్టినది. బైబిలులోనో, తొలి శిష్యులు ఆస్తుల నుమ్మడిగా ననుభవించిరని అపొస్తలుల కార్యములు చెప్పుచున్నవి. ఒక యవయవము బాధపడిన తక్కినవన్నియు బాధపడునట్లు సంఘమంతయు నొకే శరీరమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. తల్లిదండ్రులకంటె దైవము నధికముగా నెంచవలెనను బోధయు నందు లేకపోలేదు. అది మన ప్రహ్లాదుని కథలోను కలదు. భాగపంపకపు వ్యాజ్యములతో మాయొద్దకు వచ్చు అన్నదమ్ములలో బైబిలు తెఱచి చూచినవారు బహు స్వల్పము.

వాదముకంటె నొక జీవితమే యీ భ్రమను చక్కగా తొలగింపగలదు. నాయుడుగారు 1862లో మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రిగారు సైన్యోద్యోగులగుటచే బాల్యవిద్య కొంత హైదరాబాదులో జరిగెను. అనంతరము వారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చేరిరి. ఇంటివారికి అప్పటి భయము నిరాధారము కాదు. మచిలీపట్టణమున 1843లో వెలసిన నోబిలుదొర పాఠశాలలో కొందఱు బాలురు మతము మార్చుకొనగా, తక్కిన పిల్లలను తల్లిదండ్రులు మాన్పించివేసిరి. కాని చెన్నపురి కళాశాలాధ్యక్షులగు విలియము మిల్లరుదొర మార్గము వేఱు. విద్యార్థి నొక్కని వాని వారినుండి వేఱుచేయుటకంటె, సువార్తలోని భావములు పిండిలో పులుపువలె హిందూసంఘమంతటను వ్యాపించుటయే మేలని వారి తలంపు. ఇందులకై తోటి మిషనరీలే వారిని తప్పుపట్టిరి.

నాయుడుగారు ఆ గురువునకు భక్తులైరి. బైబిలును ఆదరముతో చదివిరి. క్రైస్తవులు మాత్రము కాలేదు. ఏకేశ్వరోపాసకులై బ్రహ్మసమాజమున నిలిచిరి. 1899 మొదలు 1904 వఱకు అమీరుపేటకు కొద్దిమైళ్ల దూరముననే సికందరాబాదు మహబూబు కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. ఈ సంగతి మన పేటలవా రెందఱెఱుగుదురో!

1904లో కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులై 1919 వఱకు పనిచేసిరి. బాలికలకును, అస్పృశ్యులని త్రోయబడిన కులముల బాలురకును అచ్చట చదువు లభించుటకు వారు పాటుపడిరి. భోగముమేళములను పెద్దమనుష్యుల వేడుకలనుండి తొలగింప యత్నించి పలువురి కోపమునకు గుఱియైరి. భార్య చిన్ననాటనే గతింపగా మరల వివాహమాడలేదు. జీతములో పెద్దభాగము పేదవిద్యార్థుల పాలయ్యెను. పిఠాపురము రాజావారి ప్రాపుతో కాకినాడయందు వెలసిన అనాథశరణాలయమునకు వారే ప్రాణము. తన వారనబడువారి వలయమును వారు క్రమక్రమముగా పెంచుకొనిరేగాని కుదించుకొనలేదు. ఇట్టివారిని వ్యక్తివాదులనుట యెట్లు?

1925 నుండి 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, పిమ్మట కాకినాడలోనే నివసించి 1939లో పరమపదించిరి.