వేరుశనగ నూనెతో తిరిగిన ఇంజిను

బళ్లారి, రాయచూరు రోడ్ల మీద లారీ ఆగే ప్రతి బంకులోనూ ఆయన పేరు కనిపిస్తుంది. చాలామంది అది నూనె పేరనే అనుకుంటారు. కాదు, మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్.

జర్మన్ దంపతులకు 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తండ్రి తోలు సామాన్లు తయారుచేసేవాడు. 1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం రావడంతో కుటుంబం లండన్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. పన్నెండేళ్ల కుర్రాణ్ణి చదువు కోసం ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపేశారు. తర్వాత మ్యూనిక్‌లో ఇంజినీరింగ్ చదివాడు. ఆవిరి ఇంజిను బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా వాడుకోవడం లేదన్న సంగతి అక్కడే ఆయన్ను పట్టుకుంది.

గాలిని బాగా నొక్కితే దానంతటదే కాగుతుంది. ఆ వేడికే ఇంధనం అంటుకుంటే నిప్పురవ్వతో పనేముంది? 1892లో ఈ ఆలోచనకు పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. 1893 పరీక్షలో ఇంజినుకు బిగించిన పరికరం పేలి, త్రుటిలో ప్రాణం దక్కించుకున్నాడు. 1897 నాటికి ఇంజిను నిలబడింది. ఇంధనంలోని శక్తిలో 26 శాతం పనిగా మారింది.

1900 పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ పెట్టిన చిన్న డీజిల్ ఇంజిను వేరుశనగ నూనెతో తిరిగింది. ఆ ఇంజినును డీజిల్ వేరుశనగ నూనె కోసమే కనిపెట్టాడని రాస్తుంటారు గానీ అది నిజం కాదు. ఆఫ్రికా వలసల్లో వేరుశనగ పుష్కలంగా పండుతుంది కాబట్టి ఫ్రెంచి ప్రభుత్వమే ఆ ప్రయోగం అడిగింది. డీజిల్‌కు మాత్రం ఆ సంగతి మనసులో ఉండిపోయింది. గింజల నూనెకు ఇప్పుడు విలువ లేకపోయినా, ముందుముందు కిరసనాయిలంత ముఖ్యం కావచ్చని 1912లో చెప్పాడు.

ఆ మాట అప్పట్లో ఎవరికీ పట్టలేదు. బావులు తవ్వేకొద్దీ రాతినూనె చవగ్గా దొరికింది. గింజల నూనె చిక్కన, ఇంజిను లోపల మసి కడుతుంది. దాంతో ఇంజిన్లను రాతినూనెకు తగ్గట్టే దిద్దుకున్నారు. క్రూడ్ రేటు ఎక్కినప్పుడు మళ్లీ గింజలు గుర్తొస్తాయి. 1990ల చివర్లో బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు హొంగె నూనెతో, అంటే మన కానుగ నూనెతోనే, డీజిల్ ఇంజిన్లు నడిపించారు. యానాం పక్కన కాకినాడలో 2008లో బయోడీజిల్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ తీరానికి ఎదురుగా సముద్రంలోనే చమురు, గ్యాస్ కోసం డ్రిల్లింగూ సాగింది. ఇప్పుడు వాడేసిన వంటనూనె, పశువుల కొవ్వు, సోయా నూనెలకు హైడ్రోజన్ పట్టించి అచ్చం డీజిల్‌లాంటి ఇంధనం తీస్తున్నారు. ముడిసరుకు కోసం దేశాల మధ్య పోటీ ఉంది. కానుగ గింజలు ఏరే కూలికి గిట్టుబాటు దొరకాలన్నా క్రూడ్ రేటు వైపు చూడాల్సిందే.

పేటెంట్లతో లక్షలు గడించిన డీజిల్ చివరికి అప్పుల పాలయ్యాడు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ ఓడలో భోజనం చేసి గదికి వెళ్లాడు. తెల్లారేసరికి లేడు. ఆత్మహత్యేనని ఎక్కువమంది నమ్మారు, చంపేశారన్న పుకార్లూ లేచాయి. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్లకు సముద్రంలో శవం కనిపించింది. జేబుల్లోని వస్తువులు తీసుకుని దాన్ని మళ్లీ నీళ్లలోకే వదిలేశారు. ఆ వస్తువులు తండ్రివేనని కొడుకు గుర్తుపట్టాడు. అప్పటికి డీజిల్ వయసు 55.