డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

తాడేపల్లిగూడెమునకు జేరువనున్న భీమవరమున 1895 సం॥ జనవరి 12వ తేదీన జన్మించి, లోకమునకెల్ల నుపకరించిన యీ మహనీయుని చరితమును సోదర సంఘీయులకు సవినయముగా నివేదించుచున్నాము.

తండ్రి జగన్నాథముగారు చిరుద్యోగి. పదుమూడవ యేట సుబ్బారావుగారు, యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనమార్జింపవలెనని కాశీకి బయలుదేరగా, ఇంటివారు మరలించి తెచ్చిరి. తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించిరి. యౌవనమున సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తులు గ్రహణివ్యాధిచే ఎనిమిది దినముల యెడములో గతించిరి. తామును ఆ రోగమువాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికిరి.

మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి, ఖద్దరు మాత్రము విడువలేదు. మామగారును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు సాయపడగా అమెరికాకేగి హార్వర్డున జేరి, ఆసుపత్రిలో పరిచారకుని పనిచేసి జీవించిరి.

1940లో లెడర్లీ పరిశోధనశాల జేరిరి. వీరి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము తయారై గ్రహణిరోగులకు ప్రాణాధారమయ్యెను. సోదరులకు దక్కని మందు పరులకు దక్కెను. మన గోదావరిసీమను పీడించిన బోదవ్యాధికి నేడును వాడబడు డైఇథైల్ కార్బమజైనును వీరి బృందము కనుగొన్నదే. 1948 ఆగస్టులో, స్వదేశము మరల జూడకయే, పరదేశముననే పరమపదించిరి.

తోబుట్టువుల భారము మోయుచు చదువుకొను బీదబిడ్డలు మనలో నేటికిని గలరు. తల్లి నగలును, పరుల ధర్మమును లేకున్న నీ మహనీయుడు లేడు. దాతలు దీనిని తలపోయుదురుగాక యని ప్రార్థించుచున్నాము.