గాలిలోని తేమకు లెక్క కట్టిన విల్లిస్ క్యారియర్

వేలూరు ఎండలను గూర్చి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. కత్తిరి రోజులలో కోట గోడల రాళ్లు రాత్రివేళ కూడ సెగలు కక్కుతూనే ఉంటాయి. అయితే వేడిమి ఒక్కటే కాదు, గాలిలోని తేమ కూడ మనిషిని, వస్తువును శాసిస్తుందని గుడియాత్తం వాసులకు తరతరాలుగా తెలుసు. గాలి మరీ పొడిబారితే మగ్గం మీద నూలు పోగులు తెగుతాయి. ముసురు పట్టితే అగ్గిపుల్లలు ఆరక పని నిలిచిపోతుంది. మన పనివారు చేతి స్పర్శతో గ్రహించిన ఈ సత్యానికి అంకెలు సమకూర్చి, యంత్రానికి అప్పగించిన మేధావి అమెరికా ఇంజనీరు విల్లిస్ హావిలాండ్ క్యారియర్.

ఆయన 1876 నవంబరు 26న న్యూయార్క్ రాష్ట్రంలో, ఏరీ సరస్సు సమీపాన గల అంగోలా గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులకు ఏకైక సంతానం. బాల్యంలో ఆయనకు భిన్నాల లెక్కలు బోధపడలేదు. తల్లి ఆపిల్ పండ్లు తెప్పించి, వాటిని సగాలుగా, పాతికలుగా కోయించి, ఆ ముక్కలతోనే కూడికలు, తీసివేతలు చేయించారు. ఎంతటి చిక్కు సమస్యనైనా ముక్కలు చేసి చూచే అలవాటు ఆయనకు అలా అబ్బింది. పదకొండవ యేట ఆ తల్లిని పోగొట్టుకున్నారు. కష్టపడి చదివి, ఉపకార వేతనంతో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరి, 1901లో ఇంజనీరింగు పట్టా పొందారు. అదే సంవత్సరం బఫెలో ఫోర్జ్ అనే యంత్రాల సంస్థలో వారానికి 10 డాలర్ల జీతంపై ఉద్యోగంలో ప్రవేశించారు.

మన వేలూరులో డాక్టర్ ఐడా స్కడర్ 40 పడకల షెల్ ఆసుపత్రిని ప్రారంభించిన 1902వ సంవత్సరమే క్యారియర్ జీవితంలోనూ మలుపు అయింది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం వేసవి వచ్చిందంటే నష్టపోతూ ఉండేది. రంగుల బొమ్మను ఒక్కొక్క రంగు చొప్పున విడివిడిగా అచ్చువేయాలి. ఈలోగా కాగితం తేమ పీల్చి సాగడం వల్ల ఒక రంగు మీద మరొక రంగు సరిగా కూర్చునేది కాదు. ఇరవై అయిదేండ్ల క్యారియర్ దీనికి పరిష్కారం ఆలోచించి, జూలై 17 నాటికి నమూనా పటాలు సిద్ధం చేశారు. ఒక వరుస గొట్టాలలో చల్లని బావి నీరు, మరొక వరుసకు అమ్మోనియా యంత్రం. వాటి మీదుగా గాలిని పంపి, గదిలో తేమను 55 శాతం వద్ద నిలపడం ఆయన లక్ష్యం. రోజుకు 54 టన్నుల మంచు కరిగితే కలిగేంత చల్లదనం అందుకు కావలసివచ్చింది. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ ఆ విధంగా మనిషి సుఖం కోసం కాక, కాగితం కోసం పుట్టింది.

ఆ యేడు చివర పిట్స్‌బర్గ్ రైలు స్టేషనులో పొగమంచు కమ్మిన వేళ ఆయనకు ఒక ఊహ తట్టింది. పొగమంచు అంటే తేమతో పూర్తిగా నిండిన గాలి. అట్టి గాలి ఎంత చల్లగా ఉన్నదో తెలిస్తే అందులో ఎంత నీరున్నదో లెక్కకు అందుతుంది. కనుక చల్లని నీటి తుంపరల గుండా పంపి గాలిని పొడిగా చేయవచ్చును! నీటితో గాలిని ఆరబెట్టడమనే ఈ విచిత్రమైన ఆలోచనకు 1906 జనవరి 2న పేటెంటు లభించింది. ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు విడివడి ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన 1911లోనే, డిసెంబరు మాసంలో, ఆయన గాలి, వేడిమి, తేమల సంబంధాన్ని సూత్రాలుగా కూర్చి అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘానికి సమర్పించారు. ఈ శాస్త్రానికి అదే పునాది.

ప్రపంచ యుద్ధం మొదలుకాగానే ఆయన పనిచేస్తున్న సంస్థ ఈ విభాగాన్ని వదులుకోదలచింది. క్యారియర్ నిరుత్సాహపడక, 1915లో ఆరుగురు మిత్రులతో కలిసి 32,600 డాలర్ల మూలధనంతో స్వంత సంస్థను స్థాపించారు. 1922లో అమ్మోనియాకు బదులు అంతకంటె తక్కువ ప్రమాదకరమైన డైలీన్ అనే ద్రవంతో నడిచే కొత్త శీతల యంత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. 1924లో డెట్రాయిట్‌లోని ఒక పెద్ద దుకాణంలో అట్టివి మూడు అమర్చారు.

అసలు పరీక్ష 1925లో న్యూయార్క్ రివోలీ సినిమా థియేటరులో ఎదురయింది. నగర భద్రతాధికారి డైలీన్‌కు అనుమతి నిరాకరించగా, క్యారియర్ ఆ ద్రవాన్ని ఒక పాత్రలో పోసి, అగ్గిపుల్ల గీచి అందులో పడవేశారు. అది పేలలేదు, నెమ్మదిగా కాలిపోయింది, అనుమతి లభించింది. మే నెలాఖరున ప్రారంభం నాడు చివరి సర్దుబాట్లు ఆలస్యమై, యంత్రం గాలిని చల్లబరచక మునుపే ద్వారాలు తెరుచుకున్నాయి. హాలు కిక్కిరిసింది. ఎవరి చేతిలో చూచినా విసనకర్రే. పారమౌంట్ సంస్థ అధినేత అడాల్ఫ్ జూకర్ స్వయంగా వచ్చి మేడమీద కూర్చున్నారు. నిండిన హాలును చల్లబరచడం ఖాళీ హాలును చల్లబరచడం వంటిది కాదు. ప్రతి ప్రేక్షకుని శరీరమూ వేడిని, తేమను వెలువరిస్తుంది. క్యారియర్ బృందం గుండెలు చిక్కబట్టుకుని నిలిచింది. క్రమక్రమంగా విసనకర్రలు ఒక్కొక్కటే ఆగాయి. ఆట ముగిసిన పిమ్మట జూకర్ ప్రజలు దీనిని మెచ్చుకుంటారని అంగీకరించారు. వేసవిలో వెలవెలబోయే థియేటర్లు అటు తరువాత వేసవిలోనే నిండసాగాయి.

1930ల చివర ఆయన ఆకాశహర్మ్యాలకై మరొక పద్ధతి రూపొందించారు. సన్నని గొట్టాల గుండా వేగంగా గాలిని పంపి, ప్రతి గదిలోనూ కిటికీ క్రింద ఒక చిన్న యంత్రాన్ని అమర్చి, ఆ గది వారే చల్లదనాన్ని సవరించుకొనే వీలు కల్పించారు. వ్యక్తిగత జీవితంలో ఇద్దరు భార్యలను మృత్యువుకు అప్పగించిన దుఃఖాన్ని దిగమింగి, పనిలోనే ఓదార్పు వెతుక్కున్నారు. గుండె జబ్బుతో 1948లో విశ్రాంతి తీసుకున్నారు. 1950 అక్టోబరు 7న కన్నుమూశారు.

నేడు వేలూరు ఆసుపత్రులలోనూ, హోటళ్లలోనూ మిద్దెపై ఔట్‌డోర్ యూనిట్లు, గదిగదికీ ఇండోర్ యూనిట్లు ఉండే ఏర్పాట్లు సామాన్యమయ్యాయి. వాటిని అప్పగించే ముందు పైపులలో నత్రజని నింపి లీకులు చూస్తారు. వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను లాగివేస్తారు. పైపు పొడవును బట్టి అదనపు గ్యాసు తూచి నింపుతారు. అటుపిమ్మట ఒక్కొక్క గదినీ విడిగా నడపాలి. ఒక గది తీగ మరొక గదికి కలిస్తే, ఇక్కడ మీట నొక్కితే అక్కడ చల్లబడుతుంది! చివరకు అన్నింటినీ ఒక్కసారిగా నడిపి, ప్రతి గదిలోని వేడిమిని కొలిచి వ్రాసుకోవాలి. తొందరలో ఈ చివరి మెట్టు దాటవేసిన చోట, శస్త్రచికిత్స ముగిసిన రోగి పడుకున్న గదిలో ఆ లోపం బయటపడుతుంది.

రివోలీ నాడు క్యారియర్ చూచినది యంత్రపు ముల్లును మాత్రమే కాదు, ప్రేక్షకుల చేతులలోని విసనకర్రలను. యంత్రం తిరిగినంత మాత్రాన పని పూర్తి కాదు. గదిలోని మనిషికి ఊరట కలిగినప్పుడే పూర్తవుతుంది. ఈ వేసవిలో నిచ్చెనలెక్కి మన మిద్దెలపై శ్రమించే యువ మెకానిక్కులకు ఆయన జీవితం అందించే పాఠం ఇదే.