సవర బడికి పోషకుడైన పంతులు: గిడుగు రామమూర్తి జీవిత విశేషాలు

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

విశాఖపట్నం, ఆగస్టు 28: గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జయంతి అయిన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్న విషయం విదితమే. వ్యావహారిక భాషోద్యమ సారథిగా ఆయన కీర్తి తెలుగునాట పాఠశాల విద్యార్థులకు సైతం సుపరిచితం. అయితే ఆ ఉద్యమానికి దశాబ్దానికి పైగా ముందే ఆయన తలకెత్తుకొన్న మరొక కార్యం ఉన్నది. పర్లాకిమిడి పరిసరాల కొండలలో నివసించే సవరల పిల్లలకు వారి భాషలోనే ప్రాథమిక పాఠశాలలు తెరవడం, వాటిని నిలబెట్టడం ఆ కార్యం. బడి తెరవడం ఒక ఎత్తు, నెలనెలా దానిని నడిపించే పోషకుని సంపాదించడం మరొక ఎత్తు. ఆ రెండవది పంతులుగారికి చిరకాలం సమస్యగానే మిగిలినది.

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. వంశధార తీరంలోని ఆ పల్లెలోనే బాలుని ప్రాథమిక విద్య సాగింది. తండ్రి చోడవరానికి బదిలీ అయి, అక్కడ విషజ్వరం సోకి 1875లో కాలధర్మం చెందారు. పన్నెండేళ్ళ ప్రాయంలో పితృవియోగం పొందిన బాలునికి విశాఖపట్నంలోని మేనమామగారి ఇల్లు ఆశ్రయమైనది. అనంతరం విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి, 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ వెంకట అప్పారావుగారు.

ఇచ్చట ఒక విషయం గమనించదగినది. విజయనగరం పాఠశాల 1857లో మహారాజావారి పోషణలో వెలసినది. విశాఖపట్నంలో ప్రసిద్ధి గాంచిన మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అంకితం వెంకట నరసింగరావుగారి సతీమణి పేరును ధరించిన దాతృత్వ సంస్థ. 1880లో రామమూర్తిగారు నెలకు ముప్పది రూపాయల జీతంపై ఉపాధ్యాయులుగా చేరిన పాఠశాల పర్లాకిమిడి రాజావారిది. ఆనాటి ఉత్తరాంధ్రలో చదువు చాలవరకు సంస్థానాధీశుల, శ్రీమంతుల పోషణ మీద ఆధారపడినది. 1854 నాటి వుడ్ విద్యా నివేదిక తరువాత వచ్చిన గ్రాంటు పద్ధతి కూడా ఇందుకు అనుగుణమైనదే. స్థానికులు కొంత సొమ్ము కూర్చుకొన్న చోట సర్కారు మరికొంత కలుపుతుంది. కూర్చగలవారు లేనిచోట ఆ గ్రాంటుకు దారి లేదు. మైదానంలోని పట్టణాలకు ఈ విధానం అక్కరకు వచ్చింది. కొండమీది పల్లెలకు మాత్రం రాలేదు.

కొండల పరిపాలన వేరు. గంజాం, విశాఖపట్నం జిల్లాల మన్య ప్రాంతాలను 1839 నాటి చట్టం సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించి ఆయన అధీనంలో ఉంచింది. ఏజెన్సీ అనే మాట అలా వచ్చినదే. ఆ ప్రాంతంలో సవరలు పోడు వ్యవసాయం చేసుకొంటూ, చింతపండు, అడ్డాకులు వంటి అటవీ ఫలసాయాన్ని సంతలకు తెచ్చుకొనేవారు. ఐతరేయ బ్రాహ్మణంలో సైతం శబరుల ప్రస్తావన కనిపిస్తుంది. ఇంతటి ప్రాచీన జాతివారు సంతలో షావుకారు వ్రాసుకొన్న పద్దు ఏమిటో చదువుకోలేని స్థితిలో ఉండేవారు. కచేరీలోనూ వారి మాట అధికారికి అర్థం కాదు, అధికారి మాట వారికి అర్థం కాదు. నడుమ దుబాసీ చెప్పినదే వేదం.

ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే రామమూర్తిగారు ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., అటుపిమ్మట బి.ఏ. పరీక్షలు ఇచ్చారు. రాజావారి ఉన్నత పాఠశాల కళాశాల స్థాయికి ఎదిగిన తరువాత ఆ తరగతులకు పాఠాలు చెప్పారు. చరిత్ర బోధించే ఉపాధ్యాయునికి ఊరి ప్రక్కనే చరిత్ర ఉండగా ఊరుకోలేక, శ్రీముఖలింగ ఆలయ శాసనాలను స్వయంగా చదివి, గాంగవంశ రాజులపై ఆంగ్లంలో పరిశోధన వ్యాసాలు ప్రకటించారు. అదే జిజ్ఞాస ఆయనను సవర భాష వైపు మళ్ళించినది. తెలుగు, సవర రెండూ తెలిసిన వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని, ఏళ్ళ తరబడి ఆ భాషను అభ్యసించారు. సవర భాష ద్రావిడ కుటుంబానికి చెందినది కాదు. అది ముండా భాష. కంఠబిలం మూసుకొని పలికే ధ్వని అందులో ఉన్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరమే లేదు. అప్పుడప్పుడే వెలువడుతున్న ధ్వనిశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని చదివి, ఆ ధ్వనులను వ్రాతలో పెట్టే ఉపాయాన్ని ఆయన కనుగొన్నారు.

భాష వచ్చిన తరువాత బడి ప్రయత్నం మొదలైనది. ఈ బడికి కావలసినవి మామూలు బడికి కావలసినవి కావు. పలక, బలపం సంతలో దొరుకుతాయి. సవర వాచకం ఎక్కడా దొరకదు. దానిని మొదట ఎవరైనా వ్రాయవలె. అందుకు అక్షరాలు కూర్చవలె. ఉపాధ్యాయుడు ఉన్నా ఆయనకు సవర రాదు. సవర వచ్చినవానికి చదువు రాదు. వేరొక ఊరివాడు జ్వరాలకు భయపడి కొండ ఎక్కడు. ఇన్ని ఒనగూడినా నెల తిరిగేసరికి జీతం ఇచ్చేవారెవరు? పిల్లలు చెల్లించే ఫీజుతో నడిచే వీధిబడి వంటిది కాదది. ఫీజు మాట అటుంచి, పోడు పనులలో చేతికి అక్కరకు వచ్చే పిల్లవానిని బడికి పంపడమే సవర తల్లిదండ్రులకు నష్టం.

పంతులుగారు ఇందుకు ఎంచుకొన్న మార్గం నిరాడంబరమైనది. వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తాము వ్రాశారు. సవర-తెలుగు, తెలుగు-సవర నిఘంటువులు తాము కూర్చారు. పాఠశాలలు తమ సొంత సొమ్ముతో పెట్టి, అధ్యాపకుల జీతాలను తామే చెల్లించారు. సంస్థానాధీశులు, జమీందారులు బడులకు పోషకులైన కాలంలో ఒక బడిపంతులు, అదీ ముప్పది రూపాయల జీతంతో ఉద్యోగం మొదలుపెట్టిన గృహస్థు, బడులకు పోషకుడు కావడం అరుదైన విషయం. ఆ కుటుంబం ఇందుకు ఎంత లోటు అనుభవించినదో లెక్క కట్టినవారు లేరు. తండ్రి అడుగుజాడలలో కుమారుడు గిడుగు వెంకట సీతాపతిగారు సైతం సవర భాషా పరిశోధనలో కృషి చేశారనుటను బట్టి, ఆ ఇంటిలో ఈ పని ఎవరికీ పరాయిగా తోచలేదని ఊహించవచ్చును.

నౌపడా నుండి పర్లాకిమిడికి రైలుమార్గం 1900లో ఏర్పడినది. అయితే ఆ రైలు కొండ దిగువ వరకే. అక్కడి నుండి సవర పల్లెలకు నడకే గతి. ఆ తిరుగుళ్ళలో పంతులుగారు పలుమార్లు మలేరియా పాలయ్యారు. జ్వరానికి ఆనాడు క్వినైన్ తప్ప వేరు మందు లేదు. అధికంగా సేవించిన ఆ మందు వలన ఆయన వినికిడి శక్తి క్షీణించినది. చెవితో విని భాషను పట్టుకొనవలసిన పండితునికి చెవులే దూరమైనవి. అయినను ఆయన ఆ తరువాత దశాబ్దాలపాటు సవర పదాలను సేకరిస్తూనే ఉన్నారు.

సొంత సొమ్ముతో ఎంతకాలం నెట్టుకొని రాగలరు? ప్రభుత్వమే ఈ భారం వహించవలెనని పంతులుగారు ఆశించారు. 1911 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర పుస్తకాలను స్వీకరించి అచ్చు వేయించడానికి అంగీకరించినది. ప్రతిఫలంగా పారితోషికం ఇవ్వజూపగా ఆయన అందుకు సమ్మతించక, ఆ సొమ్మును సవరల బడికే వినియోగించవలసినదిగా కోరారని ఆయన జీవితచరిత్రకారులు పేర్కొంటారు. ముప్పదేళ్ళ ఉద్యోగం ముగించి విశ్రాంతి పొందుతున్న రోజులవి. తమకు ఆ సొమ్ము అవసరం లేక కాదు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు బహద్దూర్ బిరుదు ప్రదానం చేసినది. తదనంతర కాలంలో కైజర్-ఇ-హింద్ పతకం కూడా లభించినది. బిరుదులు, పతకాలు వచ్చినంత సులువుగా ఉపాధ్యాయుల జీతాలకు శాశ్వతమైన ఏర్పాటు రాలేదన్నది ఈ చరిత్ర చదివినవారికి తోచే మాట.

వ్యావహారిక భాషోద్యమం ఆయన జీవితంలో ఇంతకు సుప్రసిద్ధమైన ఘట్టం కనుక ఇచ్చట సంగ్రహంగా ప్రస్తావిస్తే చాలును. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఏ. యేట్స్ దొర, తెలుగువారు మాట్లాడే భాషకు, వారి పుస్తకాలలోని భాషకు అంత వ్యత్యాసం ఎందుకున్నదని ప్రశ్నించారు. విశాఖపట్నం మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గురజాడ, గిడుగు వారల పేర్లు సూచించారు. విశాఖ తీరాన సాగిన ఈ పరిచయం వాడుక భాషకు మేలుమలుపు. జయంతి రామయ్య పంతులు ప్రభృతుల ప్రతిఘటన, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపన, 1915లో గురజాడ మరణం, 1919లో గిడుగు వారు నడిపిన ‘తెలుగు’ మాసపత్రిక ఈ ఉద్యమంలోని ముఖ్య ఘట్టాలు. ఈ రెండు కృషులను వేర్వేరుగా చెప్పుకొనడం పరిపాటి అయినది. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే. సవర బాలుడు తెలుగు వాచకం ముందు ఏ విధంగా నోరు మెదపలేకపోయాడో, తెలుగు బాలుడు గ్రాంథిక వాచకం ముందు అదే విధంగా నిలబడి ఉన్నాడని మొదట గ్రహించగలిగినది కొండ బడిని నడిపిన ఉపాధ్యాయుడే. (ఈ వ్యాసం కొంత గ్రాంథిక ఫక్కిలో ఉన్నందుకు పంతులుగారు చిరునవ్వుతో క్షమించగలరని విశ్వాసం.)

1931లో మద్రాసు ప్రభుత్వం ఆంగ్లంలో ఆయన రచించిన సవర భాషా వ్యాకరణాన్ని ప్రచురించినది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినది. సుమారు ముప్పది అయిదేళ్ళ పరిశ్రమ ఫలమది. ముండా భాషలపై పరిశోధించిన ఉత్తరకాలపు పండితులకు ఈ రెండు గ్రంథాలు ఆధారమైనవి.

ఇంతలో 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా అవతరించినది. పర్లాకిమిడి పట్టణం, దాని పైనున్న కొండలలో అధికభాగం ఆ రాష్ట్రంలో చేరినవి. అయిదున్నర దశాబ్దాలు నివసించిన ఊరిని విడిచి పంతులుగారు రాజమహేంద్రవరం చేరారు. డెబ్బది రెండేళ్ళ వయస్సున జరిగిన ఈ తరలింపు ఆయనను సవర పల్లెలకు దూరం చేసినది. సవరలు సైతం రెండు రాష్ట్రాల మధ్య విభజింపబడినారు. సీతంపేట పరిసరాల సవర గ్రామాలున్న పాలకొండ తాలూకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండి, 1950లో నూతనంగా ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చేరినది.

1938లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనకు కళాప్రపూర్ణ బిరుదునిచ్చి సత్కరించినది. 1940 జనవరి 15న మద్రాసులో పత్రికా సంపాదకుల ఎదుట వాడుక భాషను పత్రికలలో ప్రవేశపెట్టవలసినదిగా తమ తుది విన్నపం చేసి, వారం రోజులకే జనవరి 22న పంతులుగారు పరమపదించారు.

ఆయన మరణానంతరం ఆరు దశాబ్దాలకు పైగా గడచిన పిమ్మట, 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన బాలలకు మాతృభాషలో ప్రాథమిక విద్య అందించే పథకాన్ని ప్రారంభించినది. అందుకై ఎంపిక చేసిన ఎనిమిది భాషలలో సవర ఒకటి. కువి, కోయ, కొండ, గోండి, కొలామి, ఆదివాసి ఒడియా, బంజారా తక్కినవి. ఒరిస్సా సవరలకు మంగై గొమాంగో 1936లో సొరాంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించి ఉన్నారు. అయితే ఆంధ్రప్రదేశ్ పాఠశాలల సవర వాచకాలను గిడుగు వారి తొలి వాచకాల మాదిరిగానే తెలుగు లిపిలో సిద్ధం చేశారు. సీతంపేట మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది.